గుణమా, గజమా: ఒక శివాలయ శాసనంలో సంవత్సరం తేల్చిన వైనం

తిరుపతి నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే వచ్చే ఒక పల్లెలో చిన్న శివాలయం అది. ఊరి పేరు, గుడి పేరు ఇక్కడ రాయడం లేదు. రాతి మీద అక్షరాలు కనిపిస్తే చాలు, కింద నిధి ఉందని గడ్డపారలు పట్టుకొచ్చేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. రాత్రికి రాత్రి నందిని పెకలించి పక్కన పడేసిన గుళ్లను కళ్లారా చూశాను. అందుకే పేర్లు వద్దు. మిగతాది జరిగింది జరిగినట్టు రాస్తాను, నేను చేసిన తప్పుతో సహా.

ఇరవై ఏళ్లకు పైగా శాసనాలకు నకళ్లు తీయడం, చదవడం నా పని. రాయి మీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు లేచి వస్తాయి. దాన్ని ఎస్టాంపేజీ అంటాం. చదవడం ఆ తర్వాత ఇంటి దగ్గర, బల్ల మీద, రోజుల తరబడి సాగే పని.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఆ ఊరి గుడి కమిటీ పెద్దాయన ఫోన్ చేశారు. "సార్, గోడ అడుగున రాళ్ల మీద ఏందో రాసుండాది. మేస్త్రీ దాని పైన గ్రానైటు పలకలు వేస్తానంటా ఉండాడు. వేసే ముందు మీరొకసారి చూసిపోతే బాగుంటాది" అన్నారు. ఈ ఒక్క మాట కోసం ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలి. మామూలుగా నాకు ఫోన్లు పలకలు వేశాక, లేదా ఇసుక ఒత్తిడితో రాయిని తెల్లగా గీకేశాక వస్తాయి. అప్పుడు వెళ్లి చేసేదేమీ ఉండదు.

మొదటిసారి వెళ్లినప్పుడు

గర్భగుడి అధిష్ఠానం, అంటే గోడల కింది రాతి పీఠం, చుట్టూ సున్నం పొరలు. ఏటా శివరాత్రికి కొట్టిన సున్నం ఎన్నేళ్లదో, గోరు లోతున పేరుకుని ఉంది. జగతి అనే వెడల్పాటి వరస మీదా, దాని పైన పలకలుగా చెక్కిన కుముదం అనే వరస మీదా అక్షరాలు వంకరటింకరగా తొంగిచూస్తున్నాయి. పడమటి వైపు మొదలై ఉత్తరం వైపు తిరిగాయి.

చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన "అది అరవం సార్, మనకి అర్థం కాదు" అన్నాడు. సగం నిజమే. కింది వచన భాగం తమిళం. కానీ పైనున్నవి సంస్కృత శ్లోకాలు, గ్రంథలిపిలో చెక్కినవి. అరవం వచ్చినవాళ్లలో కూడా చాలామందికి ఇప్పుడు గ్రంథలిపి చదవడం రాదు కాబట్టి ఆ గుడిలో చాలాకాలంగా ఆ నాలుగు శ్లోకాలను ఎవరూ చదివి ఉండరు.

తెలుగు ఊళ్లో తమిళమేంటి అని చాలామంది అడుగుతారు. చోళుల కాలంలో ఈ నేల తొండైమండలంలో భాగం; రాజరాజ చోళుడి కాలం నుంచి దాన్నే జయంగొండ చోళమండలం అన్నారు. తిరుపతి ప్రాంతం అందులోని తిరువేంగడ కోట్టం; కోట్టం అంటే మండలంలో ఒక విభాగం. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. తిరుమల తిరుపతి దేవస్థానం 1930లలో అచ్చువేయడం మొదలుపెట్టిన శాసన సంపుటాలు తిరగేస్తే ఎక్కువ భాగం తమిళమే. తిరుచానూరులో పల్లవ దంతివర్మ కాలపు దీపదానం కూడా తమిళమే. 1513లో కృష్ణదేవరాయలు మొదటిసారి కొండెక్కి ఇచ్చిన కానుకలను తమిళ, తెలుగు, కన్నడ భాషల్లో చెక్కించారు. ఈ తమిళ వచనాల మధ్య రాజును పొగిడేటప్పుడో, దేవుణ్ణి తలచుకునేటప్పుడో, దానం చెడగొట్టేవాణ్ణి శపించేటప్పుడో సంస్కృతం వస్తుంది. అలా వచ్చినప్పుడు లిపి మారుతుంది. తమిళ లిపిలో ఖ, ఘ, భ, ధ లాంటి అక్షరాలు లేవు కాబట్టి సంస్కృతానికి గ్రంథలిపి వాడేవారు.

మొదటి శ్లోకం ఏదో సున్నం కింద నుంచే పోల్చుకున్నాను. "శ్చుంబి" అన్న రెండక్షరాలు కనపడ్డాయి. ఇంకేముంది, "నమస్తుంగ శిరశ్చుంబి చంద్రచామర చారవే, త్రైలోక్య నగరారంభ మూలస్తంభాయ శంభవే." బాణభట్టు హర్షచరితం మొదట్లో ఉన్న శివస్తుతి ఇది. విజయనగర కాలపు శాసనాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చివరి రెండు శ్లోకాలూ అలాగే తెలిసినవే: "స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం", "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం". మధ్యలో ఉన్న ఒక్క శ్లోకమే కొత్తది, ఈ శాసనానికి మాత్రమే చెందినది.

అక్కడే తప్పు చేశాను. ముందూ వెనకా శ్లోకాలు ఎలాగూ తెలిసినవే కదా అని వాటిని పట్టించుకోలేదు. మధ్య శ్లోకం మీద మాత్రం కొంచెం సున్నం తుడిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. నకలు తీయడానికి కాగితం తీసుకెళ్లలేదు కూడా. ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసి చూసి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను: శాలివాహన శకం 1433, అంటే క్రీస్తుశకం 1511. పెద్దాయన సంతోషం పట్టలేకపోయారు. పది రోజుల్లో గుడి ముందు ఇనుప కమాను, దాని మీద "స్థాపితం 1511" అని పసుపు రంగు అక్షరాలు. నేను స్థాపితం అని చెప్పలేదు. కానీ సంవత్సరం చెప్పింది నేనే.

ఆ చరణం

ఫొటోలో చదివిన చరణం ఇది:

శాకాబ్దే గుణరామవేదశశిభిః సంఖ్యాగతే వత్సరే

సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా మాటల్లో చెప్పే పద్ధతి. శశి అంటే 1, చంద్రుడొక్కడే. వేదాలు 4. రాములు ముగ్గురు: పరశురాముడు, శ్రీరాముడు, బలరాముడు. గుణాలు సత్త్వరజస్తమస్సులు, 3. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి మొదట చెప్పింది ఒకట్ల స్థానం. చివరి నుంచి వెనక్కి చదివితే 1, 4, 3, 3. శకానికి 78 కలిపితే 1511.

ఛందస్సు శార్దూలవిక్రీడితం. మనవాళ్లకు తెలుగు పద్యాల్లో బాగా అలవాటైన శార్దూలమే: మ, స, జ, స, త, త, గ. పంతొమ్మిది అక్షరాలు, పన్నెండు దగ్గర విరామం. "శశిభిః" దగ్గర సరిగ్గా విరిగింది. ఎక్కడా గురులఘువులు తప్పలేదు. అన్నీ సరిపోయాయి కదా అన్న ధైర్యంతోనే నేను ఫోన్ చేశాను. గుణ అన్న మాటలో ఒక్క అక్షరం మారినా గణం చెడదని ఆ రాత్రి నాకు తట్టలేదు.

రెండోసారి

అనుమానం పుట్టించింది చరణం చివరి మాట. వత్సరే అన్నాక ఆ సంవత్సరం పేరు రావాలి. ప్రభవ, విభవ అని అరవై పేర్లలో ఏదో ఒకటి. రెండో చరణం మొదట్లో ఉండాల్సిన ఆ పేరు ఫొటోలో లేదు. అక్కడ రెండు రాళ్ల అతుకు, అతుకు నిండా ఎప్పుడో పూసిన సిమెంటు. సిమెంటు తర్వాత "ఖ్యే" ఒక్కటే మిగిలింది. "ఆఖ్యే" అంటే "అనే పేరుగల".

శకం 1433 ప్రజోత్పత్తి సంవత్సరం. ప్రజోత్పత్తి అక్కడ పట్టదు. శార్దూలంలో చరణం మూడు గురువులతో మొదలవ్వాలి, "ప్ర" లఘువు. పోనీ కవి గణం తప్పాడనుకుందామన్నా, సిమెంటు కింద ఉన్న చోటు రెండక్షరాలది. కాగితం మీద మళ్లీ మళ్లీ లెక్క వేసుకుంటూ ఉంటే నిద్ర పట్టలేదు. కమాను మీది పసుపు అక్షరాలే కళ్లముందు కనిపించాయి. టెన్షన్ అంటే ఇదే అనిపించింది.

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి నాతో నా దగ్గర లిపి నేర్చుకుంటున్న ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. తెల్లవారుజామున ఐదున్నరకే పని మొదలుపెట్టాం. ఎండ ఎక్కితే తడి కాగితం రాయి మీద బిగుసుకుపోయి, పొడి అయ్యి, అక్షరం దిగకముందే అంచులు లేచిపోతాయి. గాలి లేస్తే ఇంకా కష్టం.

సున్నం తీయడానికే రెండు పూటలు పట్టింది. ఇనుప బ్రష్ పెట్టలేదు, యాసిడ్ అసలే వద్దు. నీళ్లు చిలకరించి నాననిచ్చి, వెదురు పుల్లను చీల్చి పలచగా చేసి దాంతో అక్షరం గుంటలో సున్నాన్ని కొంచెం కొంచెం లేపాలి. ఊరి కుర్రాళ్లు ఇద్దరు సాయం చేశారు. అందులో ఒకడు మెల్లగా అడిగాడు: "సార్, నిధి సంగతేమన్నా రాసుండాదా?" లేదని చెప్పాను. దీపం సంగతి రాసుందని చెప్పాను. కొంచెం నిరాశపడ్డాడు కానీ పని ఆపలేదు.

ఆ తర్వాత నకలు. కాగితాన్ని తొట్టిలో ముంచి, నీరు కారిపోయాక ఇద్దరం రెండు కొసలు పట్టి రాయి మీద పరిచాం. గట్టి కుచ్చుల బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు కొడుతూ పోతే కింద ఉన్న గాలి బుడగలు పోతాయి, కాగితం ప్రతి గుంటలోకీ దిగుతుంది. బలం ఎక్కువైతే చిరుగుతుంది, తక్కువైతే అక్షరం మసకబారుతుంది. కాగితం సగం ఆరాక గుడ్డలో దూది కట్టిన ముద్దను సిరాలో అద్ది, ముందు వేరే పలక మీద తట్టి ఎక్కువైన సిరా పోగొట్టి, అప్పుడు కాగితం మీద తేలిగ్గా తట్టుకుంటూ పోవాలి. రుద్దకూడదు. మొదటి తట్టుకు ఏమీ కనపడదు. నాలుగో ఐదో తట్టుకు నల్లటి మేఘంలోంచి వచ్చినట్టు ఒక్కో అక్షరం బయటికి వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణానికి నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈసారి ఏ శ్లోకాన్నీ వదల్లేదు. నమస్తుంగ నుంచి చివరి శాపం దాకా, కింది తమిళ వచనంతో కలిపి పదకొండు కాగితాలు.

బల్ల మీద

మసక ఉన్న చోటు ఇలా ఉంది. శాకాబ్దే వరకు స్పష్టం. తర్వాత "గ". ఆ గ కుడికాలు కింద ఒక గీత; ఫొటోలో నేను దాన్ని కొమ్ము అనుకుని "గు" అని చదివాను. దాని పక్క అక్షరం పై భాగం పెచ్చు లేచిపోయింది, కింది భాగంలో మెలిక మాత్రం మిగిలింది. గ్రంథలిపిలో ణ, జ రెండూ మెలికలు తిరిగే అక్షరాలే. ఆ తర్వాత "రామ" మళ్లీ స్పష్టం.

గుణ కాకపోతే ఇంకేం కావచ్చు? మొదట గ ఉండాలి, రెండూ లఘువులై ఉండాలి, అంకెను సూచించే మాటై ఉండాలి. గజ. దిగ్గజాలు ఎనిమిది. అప్పుడు శకం 1438. గుణకూ గజకూ గణంలో తేడా లేదు. అందుకే ఛందస్సు నన్ను ఆపలేదు.

ఇక్కడ మా అమ్మాయి, అంటే ఆ విద్యార్థిని, చాలా మామూలుగా ఒక మాట అంది. "సార్, కింద ద్విగుణంలో గుణ ఉంది కదా. చెక్కిన శిల్పి చెయ్యి అక్కడ ఎలా తిరిగిందో చూద్దాం."

మొదటిసారి నేను తెలిసిందే అని వదిలేసిన శ్లోకం అది. "స్వదత్తాద్ద్విగుణం పుణ్యం": తానిచ్చిన దానం కంటే ఇతరులిచ్చిన దాన్ని కాపాడటం రెండింతల పుణ్యం. అదే రాయి, అదే ఉలి, అదే మనిషి చెక్కిన గుణ, చెక్కు చెదరకుండా ఉంది. దాని కింద ఇంకో శాపశ్లోకంలో "షష్టిర్వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః" అన్న చోట "సహస్రాణి"లో ఇంకో ణ, "జాయతే"లో జ. పై శ్లోకంలో "నగరారంభ"లో కొమ్ము లేని ఒట్టి గ. మాకు కావలసిన మూడు అక్షరాలూ, ఏమని చదవాలో ముందే తెలిసిన చోట్ల, ఒకే చేతి రాతలో దొరికాయి.

పారదర్శక కాగితం మీద ఒక్కోటీ దించి, మసక అక్షరం మీద పెట్టి చూశాం. ద్విగుణంలో ఈ శిల్పి కొమ్మును ఎడమకు వంచి, చివర చిన్న చుక్కలా ముగించాడు. మసక చోట ఉన్న గీత నిటారుగా దిగి, రాయి పగులు పోయిన దారిలోనే కింది వరసలోకి కూడా సాగింది. అది పగులే, కొమ్ము కాదు. నగరారంభంలోని గను దాని మీద పెడితే అచ్చు దిగినట్టు సరిపోయింది. ఇక రెండో అక్షరం. ఈ శిల్పి ణ రెండు చోట్లా ఐదున్నర సెంటీమీటర్ల వెడల్పు. జ నాలుగు. పెచ్చు లేచిన చోట ముందు అక్షరానికీ రామలోని రాకూ మధ్య దూరం నాలుగున్నర. ణ అక్కడ పట్టదు. మిగిలిన కింది మెలిక కూడా జాయతేలోని జ మెలికతోనే కలిసింది.

శకం 1438. ఆ సంవత్సరం పేరు ధాత. "ధాతృ" అనే మాటకు "ఆఖ్యే" కలిపితే "ధాత్రాఖ్యే": మూడు గురువులు, సిమెంటు కింద రెండక్షరాలు, బయట "ఖ్యే". రాత్రి పూట టార్చి లైటును రాయి పక్కనే ఆనించి ఏటవాలుగా వేసి తీసిన ఫొటోలో సిమెంటు అంచున ధా తలకట్టు వంపు కొంచెం కనపడుతుంది. ఉగాది నుంచి ఉగాది దాకా లెక్కపెడితే 1516 నుంచి 1517 దాకా.

నా పాఠంలో అయినా "గజ"లో జను చదరపు కుండలీకరణాల్లోనే పెట్టాను, అక్షరం దెబ్బతిన్నదని తెలిసేలా. "ధాత్రా"కు నక్షత్రం గుర్తు కూడా వేశాను, అది నేను పూరించినదని తెలియాలి కాబట్టి. రేపెవరైనా సిమెంటు తీసి చూసి నన్ను సరిదిద్దడానికి వీలుండాలి. పూరించిన అక్షరాన్నీ కనపడిన అక్షరాన్నీ కలిపేసి చక్కగా అచ్చువేసిన పాఠాలు చూస్తే నాకు భయం వేస్తుంది.

కమిటీకి చెప్పడం

పెద్దాయన ఇంటికే వెళ్లి చెప్పాను. "తప్పు నాదే పెద్దాయనా. ఫొటో చూసి చెప్పకుండా ఉండాల్సింది. ఐదేళ్లు తేడా వచ్చింది." ఆయన కాసేపు కమాను వైపు చూసి, "ఐదేండ్లే కదా సార్, పెయింటరు పక్కూరోడే" అన్నారు. ఆ మాటతో నా గుండె బరువు దిగింది.

అయితే వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. 1516 అనగానే కమిటీలో చదువుకున్న ఒకాయన లేచి, "అంటే కృష్ణదేవరాయలు కట్టించిన గుడి అన్నమాట!" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. అదే 1516లో రాయలు శ్రీకాళహస్తిలో నూరుకాళ్ల మండపం, పెద్ద గాలిగోపురం కట్టించారు. 2010 మేలో కూలిపోయింది ఆ గోపురమే. 1517 జనవరి 2న, ఇంకా ధాత సంవత్సరం నడుస్తుండగానే, తిరుమలకు వచ్చారు. మన ప్రాంతంలో ఆ ఏడాది అంటే రాయల పేరు గుర్తుకు రావడం సహజం. కానీ ఈ శాసనంలో రాజు పేరు లేదు. గుడి కట్టిన సంగతీ లేదు. ఎవరో ఒకరు ఈ శివుడి ముందు నందాదీపం, అంటే ఆరకుండా వెలిగే దీపం, వెలిగించడానికి ఏర్పాటు చేశారని ఉంది. కింది తమిళ వచనంలో నెయ్యి కొలత ఉంది. గుడి అప్పటికే ఉంది కాబట్టే దీపం పెట్టారు. అంటే గుడి వయసు ఇంకా ఎక్కువే కావచ్చు. దాత పేరున్న చోట రాయి అరచేయంత పెచ్చు ఊడిపోయింది.

ఇది విని మొదట కొంచెం డీలా పడ్డారు. అప్పుడు పెద్దావిడ ఒకామె, రోజూ గుడిలో దీపం పెట్టే ఆవిడేనట, గుమ్మం దగ్గర నుంచి అడిగింది: "అయితే నాయనా, అప్పుడు కూడా దీపమేనా రాసుండేది?" అవునమ్మా, ఆరకుండా వెలగాలని రాశారు అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ వారమే కమిటీ కూర్చుని పడమర, ఉత్తరం వైపుల గ్రానైటు వద్దని తీర్మానించింది. కమాను మీద "స్థాపితం" తీసేసి, "దీపదాన శాసనం, ధాత సంవత్సరం, 1516" అని రాయించారు. సున్నం కూడా ఆ రెండు వైపులా కొట్టడం మానేశారు.

నకళ్లు రెండు జతలు తీశాం. ఒకటి నా దగ్గర. రెండోది గొట్టంలో చుట్టి కమిటీకి ఇచ్చాను. శాపశ్లోకాలున్న కాగితాలు మాత్రం మూడో ప్రతి తీసి మా అమ్మాయికి ఇచ్చాను. ఆ శిల్పి అక్షరాలన్నీ విడివిడిగా దించి ఆమె ఒక పట్టిక తయారుచేస్తోంది.

తూర్పు వైపు పని ఇంకా ఉంది. అక్కడ నేల ఎత్తు పెంచినప్పుడు పీఠంలో అన్నిటికంటే అడుగున ఉండే ఉపానం అనే వరస, దాని పై వరస కింద కూరుకుపోయాయి. బండల సందులోంచి వేలు పెడితే రెండు వరసల అక్షరాలు తగులుతున్నాయి. శివరాత్రి అయ్యాక ఆ నాలుగు బండలు లేపడానికి కమిటీ ఒప్పుకుంది. ఈసారి కాగితం, తొట్టి, సిరా ముందే సర్దిపెట్టుకున్నాను.